పిల్లికి హోమియో ఇస్తే పోయేదేముంది?

విజయవాడలో అయినా గుంటూరులో అయినా పిల్లిని పెంచుకునేవాళ్లు హోమియో దాకా వచ్చే దారి దాదాపు ఒకేలా ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లి తిండి తగ్గిస్తుంది, నీళ్ల గిన్నె మాత్రం పదే పదే ఖాళీ చేస్తుంది, నిమురుతుంటే వెన్నెముక చేతికి తగులుతుంది. డాక్టరు రక్త పరీక్ష చేయించి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోవడమే అంటారు. మూడు నాలుగు మందులు రాస్తారు. మాత్ర నోట్లో వేయబోతే పిల్లి చెయ్యి గీరేసి, నురగ కక్కి, మంచం కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాదు. రెండు మూడు రోజులు ఇలా కుస్తీ పట్టాక ఇంట్లో అందరికీ విసుగొస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారో, వాట్సాప్ గ్రూపులో ఎవరో, "హోమియో వాడి చూడకపోయారా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవుగా, పోయేదేముంది" అంటారు.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కాకపోతే జబ్బుని బట్టి మారుతుంది. కొన్ని జబ్బుల్లో నిజంగానే ఏమీ పోదు. కొన్నింట్లో నెలలు పోతాయి, పోయాయని కూడా తెలియదు. ఒకదాంట్లో అయితే రెండు మూడు రోజుల్లో పిల్లే పోతుంది.

ముందు ఒక సంగతి. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో హోమియో మీద నమ్మకం నిన్నో మొన్నో పుట్టింది కాదు, దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే సంగతి అర్థం కాదు. గుడివాడలో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది. రిటైరైన మాస్టార్లు చెక్కపెట్టెలో చిన్నచిన్న సీసాలు పెట్టుకుని, వీధిలో పిల్లల జలుబులకీ పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులకీ డబ్బులు తీసుకోకుండా మందిచ్చిన రోజులు చాలామంది ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. ఇంట్లో మనుషులకి వాడినదాన్నే పిల్లికీ వాడాలనిపించడంలో వింతేం లేదు. పైగా హోమియో ఇచ్చేవాళ్లు ఓపిగ్గా వింటారు. పిల్లి ఎక్కడ పడుకుంటుంది, ఏ వేళకి అరుస్తుంది, కొత్తవాళ్లని చూస్తే దాక్కుంటుందా అని అరగంట అడుగుతారు. సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో రద్దీగా ఉండే ఆసుపత్రుల్లో మనుషులకే అంత టైమ్ ఎవరూ ఇవ్వరు, ఇక పిల్లికెవరిస్తారు.

ఇంకో పెద్ద సుఖం, మందు వేయడం తేలిక. పిల్లికి మాత్ర మింగించినవాళ్లకే ఆ తేలిక విలువ తెలుస్తుంది. నాలుగు తీపి మాత్రలు చెంచాడు నీళ్లలో కరిగించి డ్రాపర్‌తో దవడ పక్కనుంచి వదిలితే అయిపోతుంది, లేదంటే తాగే నీళ్లలోనే వేసేయొచ్చు. నిజానికి ఆ తీపి పిల్లికి తెలియనే తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకానికి కావలసిన ఒక జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం మానేసిందని 2005లో తేల్చారు. ఆ మాత్రల్లో ఉండే పంచదార, లాక్టోజ్ (పాల చక్కెర) దానికి రుచీపచీ లేని పొడి. చేదు ఉండదు కాబట్టి నురగ కక్కదు, అంతే.

ఆ మాత్రలో ఏముందో చూద్దాం. హోమియో మూలసూత్రం తెలుగువాళ్లందరికీ "ఉష్ణం ఉష్ణేన శీతలం" అన్న మాటతోనే పరిచయం. జర్మనీలో శామ్యూల్ హానిమన్ 1796లో ఈ ఆలోచనను ప్రకటించాడు, 1810లో దానికి సిద్ధాంత గ్రంథం రాశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఏ పదార్థం ఏ లక్షణాలు పుట్టిస్తుందో, అవే లక్షణాలున్న రోగికి అదే పదార్థాన్ని బాగా పలచన చేసి ఇవ్వాలి. జంతువులకూ దీన్ని మొదట్లోనే వాడారు, లైప్జిగ్‌లో లుక్స్ అనే పశువైద్యుడు ఆ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు. పలచన చేసే లెక్క ఇలా ఉంటుంది: ఒక వంతు మందు, 99 వంతుల నీళ్లో ఆల్కహాలో కలిపి కుదిపితే 1సి. అందులో ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపితే 2సి. మన దగ్గర "థర్టీ పవర్" అని అడిగే 30సి అంటే ఇలా ముప్పై సార్లు, "టూ హండ్రెడ్ పవర్" అంటే రెండు వందల సార్లు.

ఇది ఎంత పలచనో ఊహకి అందడం కష్టం. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండుగా నిలిచే నీళ్లు సుమారు 3 టీఎంసీలు. ఆ నీళ్లన్నింటిలో ఒకే ఒక్క చుక్క మందు వేసి, మొత్తం సమానంగా కలిపితే వచ్చే పలచదనం 7సికీ 8సికీ మధ్య ఎక్కడో ఉంటుంది. 12సి దాటాక మొదట వేసిన పదార్థం తాలూకు అణువు ఒక్కటైనా సీసాలో మిగిలే అవకాశం దాదాపు ఉండదు, 30సి అంటే దానికి ఇంకెంత దూరమో లెక్కేసుకోవచ్చు. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవన్న మాట అందుకే చాలావరకు నిజం. ఎఫెక్ట్ ఉండకపోవడానికి కారణం కూడా అదే.

చాలావరకు అనడానికి కారణం ఉంది. తక్కువ పలచనలో, అంటే పదింతల చొప్పున మూడుసార్లే పలచన చేసిన 3ఎక్స్ లాంటి వాటిలో, పదార్థం నిజంగానే ఉంటుంది, అది ఆర్సెనిక్‌ నుంచో పాదరసం నుంచో తీసిన మందు అయితే చిన్న విషయం కాదు. మదర్ టింక్చర్ అంటే ఆల్కహాల్‌లో తీసిన సారం. నాలుగు కిలోల ప్రాణికి, అందులోనూ కొన్ని పదార్థాలను విరగ్గొట్టే శక్తి పుట్టుకతోనే తక్కువున్న కాలేయానికి, మనిషికి చెప్పినట్టు "పది చుక్కలు మూడు పూటలా" అనడం కుదరదు. పారాసెటమాల్ ముక్క పిల్లి ప్రాణం తీసేది కూడా ఈ లోపం వల్లే. ఆ మాటకొస్తే, జ్వరంగా ఉందని మెడికల్ షాపులో అడిగి సగం మాత్ర తెచ్చి వేసేవాళ్ల కంటే హోమియో 30 పవర్ వేసేవాళ్లే వెయ్యి రెట్లు నయం. హోమియోలో చెప్పే పథ్యం కూడా పిల్లికి అనుకోకుండా మేలు చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి మానేయమంటారు కదా, ఆ రెండూ పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొట్టేవే. సాంబారు అన్నం, కూర కలిపిన అన్నం పెట్టే ఇళ్లలో ఆ ఒక్క మాట వింటే చాలు.

పరీక్షల సంగతి చూస్తే, జంతువుల మీద హోమియోని డమ్మీ మందుతో పోల్చి చేసిన ప్రయోగాలన్నింటినీ 2014లో ఒకచోట చేర్చి చూశారు. ఆ సమీక్ష రాసినవాళ్లు హోమియో మీద గిట్టనివాళ్లేం కాదు. నమ్మదగ్గ స్థాయిలో చేసినవి, స్వప్రయోజనం కనిపించనివి వాళ్లకు దొరికినవి రెండే. ఒకదాంట్లో పందిపిల్లల విరేచనాల నివారణలో కొంత మేలు కనిపించింది, రెండోదాంట్లో ఆవుల పొదుగువాపుకి డమ్మీ మందుకీ హోమియోకీ తేడా కనిపించలేదు. దాన్ని బట్టి గట్టిగా ఏదీ చెప్పలేమన్నారు. మనుషుల మీద 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి, ఏ జబ్బుకీ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. 2017లో బ్రిటన్‌లో పశువైద్యులను నియంత్రించే రాయల్ కాలేజీ, హోమియో లాంటివి ఆధారాలున్న వైద్యానికి తోడుగా ఉండొచ్చు గానీ దాని స్థానంలో కాదని చెప్పింది. ఈ లెక్కలు ఎన్ని చెప్పినా, "మా పిల్లికి తగ్గిందండీ, కళ్లారా చూశాం" అనే మనిషి దగ్గర ఇవి నిలబడవు. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. పిల్లికి నిజంగానే తగ్గి ఉంటుంది. ఎందుకు తగ్గిందన్నదే అసలు ప్రశ్న.

కిడ్నీ జబ్బునే తీసుకుందాం, ముసలి పిల్లుల్లో అన్నింటికంటే ఎక్కువగా కనబడేది అదే. పదేళ్లు దాటినవాటిలో మూడింట ఒక వంతుకు ఏదో ఒక స్థాయిలో ఉంటుందని అంచనా. పర్షియన్ పిల్లుల్లో కిడ్నీలో నీటితిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు కూడా మామూలే, ఈమధ్య మన ఊళ్లలో పర్షియన్ల మోజు పెరిగింది కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. కిడ్నీల్లో మూడొంతుల్లో రెండొంతులు పాడయ్యేదాకా బయటికి ఏమీ తెలియదు. తెలిశాక కూడా జబ్బు గీత గీసినట్టు ఒకే వాలులో దిగదు, దిగి ఆగుతుంది, కొంచెం ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది.

ఆ దిగడానికి మన దగ్గర ఒక సీజన్ ఉంది. కిడ్నీ చెడిన పిల్లి ఒంట్లో నీళ్లు నిలబెట్టుకోలేదు, ఎంత తాగితే అంత పోసేస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలకి బెజవాడలో ఇంటి లోపలే గచ్చు కాలుతుంటే దానికి నీటి శాతం పడిపోయి ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఇంట్లోవాళ్లు భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లేదీ, రెండు రోజులు సెలైన్ ఎక్కించేదీ, అక్కడ "ఇంకేం చేయలేం" లాంటి మాట విని హోమియో మొదలుపెట్టేదీ అప్పుడే. మృగశిర వచ్చేసరికి నాలుగు వానలు పడతాయి. పిల్లి లేచి తిరుగుతుంది. పేరు ఎవరికొచ్చింది? సెలైన్‌కి కాదు, వానకి కాదు. చివరగా నోట్లో పడింది ఏదైతే దానికే.

ఎండ సంగతి పక్కన పెట్టినా సూత్రం ఇదే. మనం కొత్త వైద్యం వెతికేది జబ్బు బాగా ముదిరిన రోజున. ఎగుడుదిగుడుగా నడిచే జబ్బులో అట్టడుగు రోజు తర్వాత వచ్చే రోజులు, ఏం చేసినా చేయకపోయినా, ఎక్కువసార్లు దానికంటే మెరుగ్గానే ఉంటాయి. మన పెద్దవాళ్లు కాకతాళీయం అన్నది దీన్నే, కాకపోతే ఇక్కడ కాకి ప్రతిసారీ పండు రాలబోయే వేళకే వచ్చి వాలుతుంది, అందుకే అంత నమ్మకంగా కనిపిస్తుంది.

రిపోర్టు కూడా మోసం చేస్తుందని చాలామందికి తెలియదు. కిడ్నీ పనితీరుకి చూసే క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. అంతర్జాతీయంగా వాడే వర్గీకరణలో పిల్లికి 1.6 లోపు మొదటి దశ, 2.8 దాకా రెండోది, 5.0 దాకా మూడోది, అది దాటితే నాలుగోది. ఉదాహరణకి ఒక పిల్లికి ఫిబ్రవరిలో 3.4 ఉందనుకుందాం, అప్పుడు బరువు 4 కిలోలు. మూడు నెలలు తీపి మాత్రలు వాడాక 2.7 వచ్చింది. దశ మారిపోయింది, ఇంట్లో పండగ. కానీ కాటా మీద పెడితే 3.3 కిలోలు. కండ కరిగిపోయిన పిల్లిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె దిగింది, కిడ్నీలు బాగుపడి కాదు. కండరాలతో పెద్దగా సంబంధం లేని ఎస్‌డీఎంఏ అనే పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది, కనీసం రెండు రిపోర్టుల మీదా ఆ రోజు బరువు రాసి ఉన్నా చాలు. ఇక మొదటి పరీక్ష ఒక ల్యాబులో ఒంట్లో నీళ్లు తగ్గిపోయిన రోజునా, రెండోది ఇంకో ల్యాబులో సెలైన్ ఎక్కించాకా చేయిస్తే ఆ రెండంకెలు పోల్చడమే దండగ.

మన కళ్లు కూడా మనల్ని మోసం చేస్తాయి. కీళ్లు అరిగి నొప్పితో ఉన్న పిల్లుల మీద 2014లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. కొన్నింటికి నిజమైన నొప్పి మందు, కొన్నింటికి డమ్మీ, ఎవరికి ఏదన్నది యజమానులకు చెప్పలేదు. మందు వాడినంత కాలం రెండు గుంపుల వాళ్లూ మా పిల్లికి బాగుందనే అన్నారు, తేడా తెలియలేదు. తేడా ఎప్పుడు తెలిసిందంటే మందు ఆపేసినప్పుడు, అసలు మందు వాడిన పిల్లులు మళ్లీ కుంటడం, గెంతకపోవడం యజమానులు గుర్తుపట్టారు. ఇందులోంచి ఎవరైనా ఇంట్లో వాడుకోదగ్గ చిట్కా ఒకటుంది: హోమియో పనిచేస్తోందనిపిస్తే, ఇంట్లో ఒకరు ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు మామూలు నీళ్లు డ్రాపర్‌లో పోసి చూడొచ్చు. అదే పని ఇన్సులిన్‌తో గానీ స్టెరాయిడ్‌తో గానీ చేయకూడదు, ఎందుకు చేయకూడదో ఆలోచిస్తేనే రెండింటికీ తేడా తెలిసిపోతుంది.

హోమియోలో "మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది" అనే మాట ఒకటుంది. మనిషికి దురద విషయంలో ఆ మాట ఎలా ఉన్నా, పిల్లి విషయంలో ఇది ప్రమాదకరం. బాగుంటే మందు పనిచేసింది, ముదిరితే మందు పనిచేయడం మొదలుపెట్టింది, ఏ మార్పూ లేకపోతే పవర్ మార్చాలి. ఓడిపోయే వీలే లేని ఆట ఇది. ఏం జరిగితే ఈ మందు పనిచేయలేదని ఒప్పుకుంటారు అన్న ప్రశ్న మొదటిరోజే అడగాలి, ఇచ్చేవాళ్లని అడగడానికి మొహమాటమైతే కనీసం తమను తాము.

లక్షణాలు చెప్పే దగ్గరా ఇదే చిక్కు. హోమియోలో మందు ఎంచుకునేది రోగి చెప్పుకునే సూక్ష్మమైన తేడాల మీద. దాహం ఎక్కువై గుక్కెడు గుక్కెడు తాగుతూ, రాత్రిళ్లు కుదురులేకుండా తిరిగితే ఆర్సెనికం అంటారు, చల్లటి నీళ్లు బాగా కావాలనిపిస్తే ఫాస్ఫరస్ అంటారు. పిల్లికి చల్లటి నీళ్లు కావాలనిపిస్తోందని చెప్పేదెవరు? యజమాని. పైగా పిల్లి జబ్బుని దాచుకునే జంతువు. కాబట్టి మందు కుదిరేది పిల్లి లక్షణాలకి కాదు, యజమాని బెంగకి.

ఇప్పుడు పోయేదేముంది అన్న లెక్కకి వద్దాం. మూత్రాశయం వాచి, రక్తం చుక్కలు పడి, లిట్టర్ ట్రే వదిలేసి మంచం మీద పోసే జబ్బు ఒకటుంది, చాలాసార్లు దానికి కారణం టెన్షనే. ఇంటికి చుట్టాలొచ్చారు, పక్కన అపార్ట్‌మెంటు కడుతున్నారు, కొత్త పిల్లిని తెచ్చారు, ఇలాంటివి. ఇది చాలా పిల్లుల్లో మందేమీ లేకపోయినా వారం రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ కొన్నాళ్లకి తిరగబెడుతుంది. హోమియోకి ఇంతకంటే అనువైన జబ్బు ఇంకోటి దొరకదు, ప్రతిసారీ ఇచ్చిన మూడో రోజుకో నాలుగో రోజుకో గుణం కనిపిస్తుంది. ఆడపిల్లి అయితే, ఒకసారి డాక్టరు చూసి రాయి గానీ ఇన్ఫెక్షన్ గానీ లేవని చెప్పాక, హోమియో ఇస్తే పోయేదేమీ లేదు. తుమ్ములు, కళ్ల నీళ్లు వచ్చిపోయే హెర్పిస్ కూడా అంతే, వైరస్ ఒంట్లోనే ఉండి అప్పుడప్పుడూ లేస్తుంది, చాలాసార్లు దానంతటదే సద్దుమణుగుతుంది. కంటిలో పొర, పుండు కనిపిస్తే మాత్రం ఆగకూడదు.

అదే మూత్రం జబ్బు మగపిల్లికొస్తే కథ వేరు. దాని మూత్రనాళం సన్నం, చిన్న ముద్ద అడ్డుపడితే మూసుకుపోతుంది. ట్రేలో కూర్చుని ముక్కుతుంటుంది, అరుస్తుంది, ఏమీ రాదు. ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. లోపల పొటాషియం పెరిగి రెండు మూడు రోజుల్లో గుండె ఆగుతుంది. ఆ టైమ్‌లో ఏ పవర్ మాత్రలూ వద్దు, గంటల మీద ఆసుపత్రికి చేర్చి గొట్టం వేయించాలి. ఏ పిల్లి అయినా రెండు మూడు రోజులు బొత్తిగా తినకపోయినా అంతే, మనకిలా ఉపవాసం దానికి పనికిరాదు, కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుని అదే కొత్త జబ్బు అవుతుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మధ్యలో ఉన్నవాటిలోనే మోసం ఎక్కువ. నోటిపుండ్ల జబ్బులో చిగుళ్లు ఎర్రగా ఉడికిపోయి పిల్లి తిండి గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి తిరుగుతుంది. పళ్లు తీయించేస్తే చాలా పిల్లులకు నొప్పి పోతుంది, పళ్లన్నీ తీయించడమా అని మనసొప్పక ఆరేడు నెలలు మాత్రలు మారుస్తూ కూర్చుంటే పోయేది ఆ పిల్లి అనుభవించే ఆరేడు నెలలు. షుగర్ ఉన్న పిల్లికి ఇన్సులిన్ ఆపేసి హోమియోకి మారితే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, నిజానికి పిల్లుల్లో షుగర్‌ను మొదట్లోనే గట్టిగా అదుపు చేస్తే కొన్నింటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయే అవకాశం ఉంది, ఆ అవకాశమే చేజారుతుంది. ఆస్తమాకి వాడుతున్న స్టెరాయిడ్‌ని "ఇంగ్లిష్ మందు వేడి" అని ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ కూడా అప్పటికి నిద్రపోయి ఉంటుంది, పిల్లి కుప్పకూలుతుంది. నిందేమో జబ్బు మీద పడుతుంది.

కిడ్నీ జబ్బులో పోయేది తిండి విషయంలో చేయగలిగిన మేలు. 2006లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో కిడ్నీ జబ్బున్న 45 పిల్లుల్లో 22కి ఫాస్ఫరస్, ప్రోటీన్ తగ్గించిన ప్రత్యేక ఆహారం, 23కి మామూలు ఆహారం రెండేళ్ల పాటు పెట్టారు. మామూలు తిండి తిన్నవాటిలో నాలుగో వంతుకు పైగా విషం ఒంట్లోకెక్కి పడిపోయాయి, ప్రత్యేక ఆహారం తిన్నవాటిలో ఒక్కటీ లేదు. ఏ మాత్రా లేకుండా తిండి మారిస్తే వచ్చిన ఫలితం ఇది. రెండో దశలో పట్టుబడితే రెండు మూడేళ్లు హాయిగా బతికే పిల్లులు మామూలే, నాలుగో దశలో లెక్క నెలలకి దిగుతుంది. హోమియోలో కూర్చున్న నాలుగైదు నెలల్లో పిల్లి ఒక దశ నుంచి ఇంకో దశకి జారితే ఆ తేడాయే పోయింది.

ఆ ఆహారం మన దగ్గర ఖరీదే, పైగా పిల్లి వెంటనే ముట్టదు. ఎండుచేపలకీ, వన్‌టౌన్ నుంచి తెచ్చిన పచ్చిచేప తలకాయలకీ, పెరుగన్నానికీ అలవాటు పడ్డ నాలుకది. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ మూడు నాలుగు వారాల్లో మార్చాలి, తినడం మానేస్తే పట్టుబట్టకూడదు, ఏదో ఒకటి తినడమే ముఖ్యం. ఎండుచేపల ఉప్పు మాత్రం వెంటనే ఆపాలి, కిడ్నీ చెడిన పిల్లికి బీపీ పెరిగితే అది నేరుగా కళ్ల మీద దెబ్బ కొడుతుంది. బీపీకి చిన్న మాత్ర ఉంది, వాంతికి ఉంది, ఆకలికి ఉంది, ఇవేవీ కిడ్నీని బాగుచేయవు గానీ పిల్లిని పిల్లిలా ఉంచుతాయి.

ఇంట్లో సెలైన్ ఎక్కించడం అంటే చాలామంది హడలిపోతారు. చూస్తే అంత కష్టమేం కాదు, డాక్టరు ఒకసారి దగ్గరుండి చూపించాలి, అంతే. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ సీసాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, కిటికీ గ్రిల్‌కి వేలాడదీసి, పిల్లిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, భుజాల మధ్య తోలు గుడారంలా పైకి లాగి ఆ సందులో సూది పెడితే, డాక్టరు చెప్పిన కొలత, మామూలుగా 100 మి.లీ. చుట్టుపక్కల, పది నిమిషాల్లో దిగిపోతుంది. తోలు కింద ఒక బుడగలా నిలిచి, కాసేపటికి ఒక ముందుకాలి వైపు జారి, సాయంత్రానికి కలిసిపోతుంది. గుండె జబ్బున్న పిల్లికి ఇది చేయకూడదు, అందుకే కొలత డాక్టరే చెప్పాలి. ఎండాకాలంలో ఈ ఒక్క పని చేసే ఇళ్లలో హోమియో ప్రస్తావన చాలావరకు రాదు.

అయినా ఇవ్వాలనిపిస్తే? ఇవ్వొచ్చు. తోడుగా, 30 పవర్‌కి తక్కువ కాకుండా, నీళ్లలో కలిపి, అసలు మందులేవీ ఆపకుండా, పిల్లిని చూసే డాక్టరుకి చెప్పి మరీ. దాచి వాడేవాళ్లే ఎక్కువ, డాక్టరు తిడతారని. దానివల్ల డాక్టరు కూడా రిపోర్టు తప్పుగా చదివే ప్రమాదం ఉంది. మొదలుపెట్టిన రోజే కొన్ని అంకెలు గోడ క్యాలెండర్ మీద రాసుకోవాలి. వారం వారం బరువు, డిజిటల్ కాటా మీద బుట్టతో సహా పెట్టి బుట్ట బరువు తీసేస్తే సరి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే పదో వంతు పోయినట్టు. కొలిచి పోసిన నీళ్లలో రోజుకి ఎంత తాగింది, కిలో బరువుకి 100 మి.లీ. దాటితే అది మామూలు దాహం కాదు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, 30 దాటకూడదు. వీధులన్నీ తిరిగొచ్చే గోడపిల్లి అయితే నీళ్ల లెక్క కుదరదు, బరువుతోనే సరిపెట్టుకోవాలి. నాలుగు వారాలకి బరువు తగ్గితే, క్రియాటినిన్ ఎంత వచ్చినా సరే, పిల్లికి బాగున్నట్టు కాదు.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, 30వ సెక్షన్ ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టర్ అయిన పశువైద్యులే. బీహెచ్‌ఎంఎస్ అనే హోమియో డిగ్రీ చదివినవాళ్లు మనుషులకి వైద్యం చేయడానికి అర్హులు, ఆ డిగ్రీ పిల్లికి వర్తించదు. పశువైద్య పట్టా ఉండి హోమియో కూడా ఇచ్చేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్తే కనీసం పిల్లి మూత్రాశయం పట్టుకుని చూసి నిండిందో లేదో చెప్పగలరు. సందేహం ఉన్న కేసులకి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, బెజవాడ నుంచి గంటలోపు దారి, గుంటూరు నుంచి ఇంకాస్త ఎక్కువ. రెండో అభిప్రాయం కావాలనుకున్నప్పుడు ముందు అటు వెళ్లి, రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి చూపించి, తిండీ సెలైనూ బీపీ మందూ ఖరారు చేసుకుని వచ్చాక, పక్కింటి పిన్నిగారి సీసాకి ఇంట్లో చోటివ్వాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. ఆ సీసా ఇచ్చినవాళ్లు "ఇది పనిచేయాలంటే మిగతా మందులన్నీ ఆపాలి" అన్నారంటే మాత్రం, ఆపాల్సింది ఆ సీసానే.